నదికి పాటు ఉండదు: ఓఖ్లా పాత ఆనకట్ట దగ్గర ఒక ఆదివారం

మా నాన్న భీమిలి దీపస్తంభంలో పనిచేసి రిటైరయ్యాడు. నాకేమో నీళ్ళంటే భయం. ఈ రెండూ ఒకే ఇంటి సంగతులంటే ఎవరూ నమ్మరు. చిన్నప్పుడు స్నేహితురాళ్ళంతా అలల్లోకి పరిగెత్తితే నేను ఒడ్డున కూర్చుని వాళ్ళ చెప్పులకు కాపలా కాసేదాన్ని. కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం వచ్చి, పెళ్ళై, మయూర్ విహార్‌లో డీడీఏ ఫ్లాటులో కాపురం పెట్టాక, సముద్రం ఇక్కడికి ఎంత దూరమో తలచుకుని లోపల్లోపల హాయిగా నిట్టూర్చిన మాట కూడా నిజమే. ఓఖ్లా వెళ్ళాలనుకుంటున్నామని, దారి చెప్పమని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. దారి చెప్తాను. దానితోపాటు తొంభైల మధ్యలో ఒక ఆదివారం అక్కడ మాకేం జరిగిందో కూడా చెప్తాను. అది చెప్పకుండా దారి మాత్రమే చెప్పడం నాకు చేతకాదు.

ఆ ఏడు ఫిబ్రవరిలో నాన్న మనవరాలిని చూడ్డానికి వచ్చాడు. మా మీనూ అప్పుడు నాలుగో తరగతి. తెలుగు అంతా అర్థమయ్యేది కానీ జవాబు మాత్రం హిందీలోనే వచ్చేది. తాత ఉత్తరాంధ్ర యాసలో అడగడం, ఇది ఢిల్లీ హిందీలో చెప్పడం, ఇద్దరూ ఒకరినొకరు పూర్తిగా అర్థం చేసుకున్నట్టే తలలూపడం మాకు రోజూ వినోదం. పొద్దున్నే నాన్న కాలనీ వెనక పుష్తా, అంటే నది కరకట్ట, ఎక్కి యమునను చూసి వచ్చేవాడు. వచ్చి కాఫీ గ్లాసు అందుకుంటూ ఒకటే ఫిర్యాదు, ఇంత పెద్ద ఊరికి ఇంత చిన్న నీరేమిటని, దానికి ఆ వాసనేమిటని. ఉప్పు గాలికి అలవాటైన ముక్కు కదా, పాపం అనుకునేదాన్ని.

మా ఆయన ఆఫీసు పని మీద భోపాల్ వెళ్తూ, ఓఖ్లాలో బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి రాతి ఆనకట్ట ఉందని, ఆగ్రా కాలువ అక్కడే మొదలవుతుందని, ఆ కాలువలో ఒకప్పుడు పడవలు కూడా నడిచాయని ఒక మాట వదిలి వెళ్ళారు. అంతే, నాన్నకు నిద్ర పట్టలేదు. పాత రాళ్ళంటే ఆయనకు పిచ్చి. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధుల దగ్గరకు మమ్మల్ని తీసుకెళ్ళి, వేలితో అక్షరాలు తడుముతూ, వీళ్ళు ఎంత దూరం నుంచి వచ్చి ఎంత చిన్న వయసులో పోయారో చూడండని చెప్పేవాడు. వాళ్ళు కోట కట్టారు, తర్వాత ఇంగ్లీషు వాళ్ళు వచ్చారు, రేవు వెలిగింది, పక్కన విశాఖలో పెద్ద హార్బరు వచ్చాక ఆరిపోయింది, సముద్రం మాత్రం ఏడాదికింత ఒడ్డు తింటూనే ఉంది. ఈ కథ నాకు కంఠతా వచ్చు. ఢిల్లీలో కూడా నీటి పక్కన తెల్లవాళ్ళు వదిలిపోయిన రాళ్ళున్నాయని తెలిశాక ఆయన్ని ఆపడం ఎవరి తరం?

ఆదివారం ఎనిమిదింటికి బయల్దేరాం. కాలనీ గేటు దగ్గర నిలబడే ఆటో భయ్యాది ఘాజియాబాద్. మీనూను స్కూలు బస్సు తప్పిన రోజున దించేది అతనే కాబట్టి నమ్మకం. అక్కడ ఆగి, తిప్పి తీసుకురావడానికి ఎనభై రూపాయలకు బేరం కుదిరింది. అప్పటికి డీఎన్‌డీ వంతెన లేదు. నోయిడా మోడ్ మీదుగా నోయిడాలోకి దిగి, కరకట్ట పక్కనే దక్షిణంగా పోతే కొత్త బ్యారేజీ వస్తుంది. దాని మీదుగా నది దాటి కాళింది కుంజ్ పార్కు పక్కన దిగి, కుడివైపు ఓఖ్లా గ్రామం కేసి తిరగాలి. అరగంట ప్రయాణం. బ్యారేజీ దాటుతున్నప్పుడు ఆటో ఆపించి కిందికి చూశాం. దిగువన నురగ తెల్లటి గడ్డలుగా తేలుతోంది. మీనూ దాన్ని మంచు అనుకుని చప్పట్లు కొట్టింది. అది మంచు కాదని, ఊరి మురుగు, ఫ్యాక్టరీల నీళ్ళు కలిస్తే అలా పొంగుతుందని, ఆ నీటిని ఎప్పుడూ ముట్టుకోకూడదని చెప్పాను. ఈ మాట దానికి కొత్త కాదు. పుష్తా మీదికి వెళ్ళిన ప్రతిసారీ చెప్పేదాన్ని. గందా పానీ, హాథ్ మత్ లగానా.

పాత ఆనకట్ట కొత్త బ్యారేజీకి కొంచెం ఎగువన ఉంది. నదికి అడ్డంగా పొడవాటి రాతి గోడ, కాలువ మొదట్లో పాత తలుపులు, ఒడ్డున నీడగా పెద్ద చెట్లు, వాటి కింద టీ కొట్టు. మామూలు రోజుల్లో బ్యారేజీ నీళ్ళు వెనక్కి తన్ని ఇక్కడిదాకా చెరువులా నిలిచి, సగం రాళ్ళు మునిగి ఉంటాయట. ఆ రోజు మాత్రం మరమ్మతు కోసం గేట్లెత్తి నీళ్ళు వదిలేసినట్టున్నారు. నది నడుమ పాయలోకి ముడుచుకుపోయింది. ఇవతల ఒడ్డు పొడుగునా బూడిద రంగు మేట బయటపడి, పైన పొర కట్టి గట్టిపడినట్టు కనిపిస్తోంది. దూరంగా బాతులు, బొల్లికోళ్ళు మందలుగా ఉన్నాయి. నిజం చెప్పాలంటే అందంగానే ఉంది. అయినా నేను ఒడ్డుకు దూరంగానే నిలబడ్డాను. నీళ్ళు ఉండాల్సిన చోట లేకపోతే నాకు ఉన్నప్పటికన్నా ఎక్కువ భయం.

టీ కొట్టు నడిపేది ఒక పెద్దావిడ. అల్లం వేసి చిక్కటి టీ ఇచ్చింది. కొత్త కోడలుగా వచ్చినప్పుడు ఈ నీళ్ళే తాగేవాళ్ళమని, తన మామగారి చిన్నతనంలో సాహెబులు గాలాలు పట్టుకుని ఇక్కడికే చేపలకు వచ్చేవారని చెప్పింది. ఇప్పుడు చేప దొరికినా ఎవరూ కొనరట, వండితే కిరోసిన్ వాసన వస్తుందట. నాన్నకు ఒక్కో వాక్యం తెలుగులో చెప్తూ ఉంటే ఆయన కళ్ళు ఎక్కడో ఉన్నాయి. మేట మధ్యలో, మా బాల్కనీ నుంచి కాలనీ గేటు ఉన్నంత దూరంలో, ఒంటరిగా ఒక రాతి స్తంభం నిలబడి ఉంది. దాని మీద గీతలు, అంకెలు చెక్కి ఉన్నట్టు తెలుస్తోంది. నీటి మట్టం కొలవడానికి పాతిన రాయి.

నాన్న ఒడ్డు రాళ్ళ దాకా దిగి, ఒక రాయిని అరచేత్తో తడిమి, వంగి చూసి, భీమిలిలో ఎన్నిసార్లు విన్నానో ఆ గొంతుతో అన్నాడు.

"పాటు మీదుందమ్మా. రాళ్ళింకా తడారలేదు, పొద్దుటే దిగింది. మళ్ళీ ఎక్కాలంటే మజ్జానం దాటాల."

పాటు అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ. భీమిలిలో పాటు వేళ గోస్తనీ నది కలిసేచోట ఇసుక బయటపడితే ఊళ్ళో వాళ్ళంతా రాళ్ళ దాకా నడిచి వెళ్ళి వస్తారు. పోటు వచ్చేలోగా ఎంత టైముందో నాన్నకు గడియారం అక్కర్లేదు. నదికి పాటేమిటి నాన్నా అని అడిగాను. దిగిన నీరు దిగినట్టే మెల్లగా ఎక్కుతుంది, ఎక్కడైనా అంతే కదేటి అని నవ్వేశాడు. నలభై ఏళ్ళు నీటిని చదివి పడవలకు దారి చూపించిన మనిషి. నీళ్ళంటే భయపడే నేను ఆయనకు ఏం చెప్పగలను? స్తంభం దాకా వెళ్ళి అంకెలు చూసి వచ్చేస్తామని, మీనూ చెయ్యి పట్టుకుని దిగాడు. మీనూ ఆదివారం గౌను, తెల్ల మేజోళ్ళు వేసుకుని ఉంది. ఒడ్డు పక్క నేల గట్టిగానే ఉంది. నాలుగడుగులు చూసి, గ్లాసులు ఇచ్చేసి డబ్బులిద్దామని నేను వెనక్కి తిరిగాను.

పెద్దావిడ చిల్లర ఇవ్వబోతూ ఆగిపోయింది. నా భుజం మీదుగా నది వైపు చూస్తోంది.

"బిటియా కో బులా లో," అంది. "ఫాటక్ గిరా దియే హైఁ. పానీ చఢ్ రహా హై."

పాపను వెనక్కి పిలవమంటోంది. పొద్దున్న మరమ్మతు అయిపోయి గేట్లు దించేశారు. నీళ్ళు అప్పటికే ఎక్కుతున్నాయి. పాటు లేదు, పోటు లేదు. ఎక్కడో ఒక మనిషి ఒక చక్రం తిప్పితే దిగే నీరు, ఇంకో చక్రం తిప్పితే ఎక్కే నీరు. ఈ మాట తలలోకి ఎక్కేలోగా నాన్న గొంతు వినపడింది. మా నాన్న అరవడం నేను పుట్టాక వినలేదు.

పరిగెత్తుకుంటూ రాళ్ళ మీదికి వచ్చేసరికి కనిపించింది ఇది. మీనూ తేలిక కాబట్టి పై పొర దాన్ని మోసింది. చెయ్యి విడిపించుకుని ముందుకు పరిగెత్తి, స్తంభం మొదట్లో ఉన్న రాతి అరుగు మీద నిలబడింది. దాని వెనకే వెళ్ళిన నాన్న సగం దారిలో పొర విరిగి, నల్లటి బురదలో తొడల దాకా దిగబడిపోయాడు. ఒక కాలు లాగితే రెండోది ఇంకాస్త దిగుతోంది. స్తంభానికి అవతలి నుంచి పల్చటి నీటి పొర, అంచున నురగతో, చప్పుడు లేకుండా పాకుతూ వస్తోంది. స్తంభం మీద మామూలు రోజుల నీటి మట్టం నల్లటి చారగా పడి ఉంది. ఆ చార మీనూ తల కన్నా పైన ఉంది. ఈత నాకు రాదు, దానికీ రాదు. నీళ్ళకు దూరంగా ఉంచితే చాలు అనుకున్నాను కాబట్టి నేర్పించలేదు.

తాతను లాగుదామని మీనూ అరుగు దిగబోయింది. నాన్న రెండు చేతులూ ఎత్తి ఆపాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, రోజూ అన్నానికి పిలిచినట్టు మాట్లాడాడు.

"మీనమ్మా, నిలబడి రాకు తల్లీ. బోర్లా పడుకో. పడుకుని, పాకుతూ అమ్మ దగ్గరికెళ్ళిపో."

భీమిలిలో ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర బురదలో పీతల కోసం వెళ్ళే వాళ్ళు అలాగే వెళ్తారు. నిలబడితే దిగబడతాం, పడుకుంటే బురదే మోస్తుంది. మా ఊరి పిల్లలకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. నాన్న చెప్పింది సరైన మాట. కానీ మీనూ కదల్లేదు. కాళ్ళ కింద ఆ నల్లటి బురద వైపు, నురగ వైపు చూసి, ఏడుపు గొంతుతో అంది.

"తాతా, గందా హై. మమ్మీ నే మనా కియా హై."

మురికి, అమ్మ వద్దంది. నాన్న మళ్ళీ చెప్పాడు. అది తల అడ్డంగా ఊపి నా వైపు చూసింది. నీళ్ళు అరుగు అంచును తాకాయి. దానికి నీళ్ళంటే భయం లేదు. ఆ బురదంటే ఉంది, నేను తిడతానని ఉంది. పడుకో, ఏం కాదు, అని ఒడ్డు మీద నిలబడి నేను ఎన్నిసార్లు అరిచానో తెలియదు. శుభ్రమైన రాళ్ళ మీద, శుభ్రమైన చీరలో నిలబడి చెప్పే మాటను అది ఎందుకు నమ్ముతుంది?

అప్పుడు నేను పడుకున్నాను. ధైర్యం వచ్చి కాదు. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, రాళ్ళ అంచు నుంచి ఆ మేట మీద బోర్లా పడుకున్నాను. గడ్డం కింద చల్లగా, జిగటగా తగిలింది. పెట్రోలు, మురుగు, కుళ్ళిన ఆకులు కలిసిన వాసన ముక్కుల్లోకి, నోట్లోకి వచ్చింది. మోచేతులు దిగబడ్డాయి కానీ ఒళ్ళు తేలింది. ఒక్కో జానెడు పాకుతూ నాన్న పక్కదాకా వెళ్ళాను. ఆయన నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది, చెప్పులకు కాపలా కాసే కూతురు ఈమేనా అన్నట్టు. అక్కడి నుంచి తలెత్తి, నల్లటి మొహంతో మీనూను పిలిచాను. చూడు, అమ్మ పడుకుంది, అమ్మకూ అంటుకుంది, నిన్ను ఏమీ అనను, రా అన్నాను.

అది పడుకుంది. ఆదివారం గౌనుతో, నల్లటి బురద మీద, కళ్ళు గట్టిగా మూసుకుని పాకుతూ వచ్చింది. దాని కాళ్ళ వెనక నీటి పొర అరుగును కప్పేసింది. దాని మణికట్టు నా చేతికి దొరికింది. నాన్న దాని నడుము కింద చెయ్యి వేసి నా వైపు తోశాడు. ఆటో భయ్యా, పెద్దావిడ కలిసి కొట్టు ముందున్న నులక మంచాన్ని లాక్కుంటూ రాళ్ళ దాకా వచ్చేశారు. భయ్యా మంచాన్ని బురద మీద పడేసి, దాని మీదనే పాకుతూ వచ్చి మీనూను అందుకున్నాడు. ఆ తర్వాత మంచాన్ని నాన్న ఛాతీ కిందికి తోశాడు. నాన్న దాన్ని కౌగిలించుకుని, ఒక కాలు, ఆ తర్వాత రెండో కాలు, చాలాసేపు మెల్లగా ఊపుతూ బయటకు తీసుకున్నాడు. పంచె సగం అక్కడే పోయింది. కళ్ళజోడు పోయింది. మేము రాళ్ళ మీదికి చేరేసరికి మంచం చుట్టూ నీళ్ళు తిరుగుతున్నాయి. దాన్ని వెనక్కి లాగడానికి ఎవరికీ ఓపిక లేదు.

చేతి పంపు దగ్గర పెద్దావిడ మీనూకు తల మీంచి నీళ్ళు కొట్టి, తన పాత శాలువా చుట్టింది. ఏడుస్తూనే మీనూ, మమ్మీ ఆప్ భీ గందీ హో గయీఁ, నువ్వు కూడా మురికైపోయావు, అంది. అవునమ్మా అన్నాను. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. సీటు మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి భయ్యా మమ్మల్ని ఇంటికి చేర్చాడు. నీళ్ళు మళ్ళీ ఎక్కుతాయని నాన్న అనుకున్న మధ్యాహ్నం వేళకు మేము ఇంట్లో ఉన్నాం, అక్కడ స్తంభం మీద నీరు ఆ చార దాకా ఎక్కి ఉంటుంది. మర్నాడు భయ్యా చేత కొత్త నులక మంచం పంపించాను. మీనూకు, నాకు ఒంటి మీద దద్దుర్లు వచ్చి వారం రోజులు ఉన్నాయి. నాన్న ఆ వారమంతా పుష్తా ఎక్కలేదు. బాల్కనీలో కూర్చుని, ఆయనలో ఆయనే ఒకసారి, నదికి పాటు ఉండదు కదమ్మా అన్నాడు.

ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే, ఆ రాయి పాతిన వాళ్ళకు నీరు ఎంత ఉందో మాత్రమే కావాలి. కాలువకు ఎంత వదలాలి, పడవకు ఎంత లోతు కావాలి అన్నదే లెక్క. నీటిలో ఏముందో కొలవాల్సిన రోజు వస్తుందని వాళ్ళు అనుకుని ఉండరు. అది మన వంతుకు వచ్చింది. మా నాన్న తరానికి బురద అంటే పీతలు. నా కూతురికి బురద అంటే ముట్టుకోకూడనిది. ఆ రోజు ప్రాణాల మీదికి తెచ్చింది నీళ్ళు ఒక్కటే కాదు, ఆ రెంటి మధ్య తేడా కూడా. ఆ వేసవిలో భీమిలి వెళ్ళాం. పాటు వేళ, ఎప్పటిలాగే ఊరంతా ఇసుక మీదికి దిగింది. మీనూ కూడా పరిగెత్తింది. నాన్న ఒడ్డునే నిలబడి, దాని చెప్పులు చేతిలో పట్టుకుని, బేగి వచ్చీమ్మా, బేగి వచ్చీ అని తొందరపెడుతూ పిలుస్తూనే ఉన్నాడు. ఆయన పక్కన ఇసుకలో కూర్చోవడానికి నేను చోటు చూసుకున్నాను.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ఇప్పుడు మెట్రో ఉంది. మయూర్ విహార్ నుంచి బ్లూ లైన్‌లో బొటానికల్ గార్డెన్ దాకా వచ్చి, అక్కడ మజెంటా లైన్ మారితే ఓఖ్లా బర్డ్ శాంక్చువరీ స్టేషన్, ఆ పక్కదే కాళింది కుంజ్. శీతాకాలం ఉదయాన వెళ్తే పక్షులు బాగా కనిపిస్తాయి. నీళ్ళు తగ్గి, నేల ఎంత ఎండినట్టు కనిపించినా ఒడ్డు రాళ్ళు దిగకండి, పిల్లల్ని అసలు దించకండి. ఒక బైనాక్యులర్ తీసుకెళ్ళండి. తర్వాత ఒకసారి ధైర్యం చేసి వెళ్ళినప్పుడు ఆ స్తంభం కోసం దాంతోనే వెతికాను. నీళ్ళ పైన ఉన్న అంకెలన్నీ ఒడ్డు మీద నుంచే స్పష్టంగా కనిపించాయి.